చైనా గే పురుషులు: హాంకాంగ్‌లో ఒకలా, తైపేలో ఒకలా, బీజింగ్‌లో ఇంకోలా ఎందుకు?

కొల్లేటి_కొంగ (హాంకాంగ్)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా బుర్రలో తిరుగుతున్న విషయం. ఇక్కడైతే నలుగురూ నాలుగు దేశాల నుంచి మాట్లాడతారని పెడుతున్నాను.

నేను హాంకాంగ్‌లో ఐటీ ఉద్యోగిని. మా టీమ్‌లో ఒక కాంటనీస్ అతను ఉన్నాడు, నలభై దాటాయి. గే అని మాకు తెలుసు, ఇంట్లో తెలీదు. అమ్మానాన్నలతో కలిసి ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్‌లో ఉంటాడు. అతని గది తలుపు పూర్తిగా తెరుచుకోదు, మంచానికి తగులుతుంది. ఏళ్ల తరబడి ఒకే మనిషితో ఉన్నాడు. అయినా ఇద్దరూ ఒక రాత్రి ప్రశాంతంగా నిద్రపోవాలంటే హోటల్ గది తీసుకోవాలి, లేదా సరిహద్దు దాటి షెన్‌జెన్ వెళ్లాలి.

2025 సెప్టెంబర్ 10న ఇక్కడి శాసనమండలిలో ఒక బిల్లు ఓడిపోయింది. విదేశాల్లో రిజిస్టర్ చేసుకున్న స్వలింగ జంటలకు ఆసుపత్రిలో, అంత్యక్రియల్లో కొన్ని హక్కులిచ్చే బిల్లు. అంతకు మించి అందులో ఏమీ లేదు. రెండేళ్లలో ఏదో ఒక ఏర్పాటు చేయండని 2023లో ఇక్కడి అత్యున్నత కోర్టు చెప్పింది కాబట్టి ప్రభుత్వమే తెచ్చింది. 71 మంది వ్యతిరేకం, 14 మంది అనుకూలం. మర్నాడు లంచ్‌లో అతను అన్నాడు: "పాసైనా మా అమ్మకి చెప్పేవాణ్ని కాదు. కానీ రేపు నా వాడికేదైనా అయితే నన్ను వార్డులోకి రానిచ్చేవాళ్లు."

తైపేలో ఇతని స్నేహితుడు ఒకడు మొగుడితో కలిసి తాతల సమాధులు శుభ్రం చేయడానికి వెళ్తాడట. అదే భాషా కుటుంబం, అదే పితృపూజ, అదే "పెళ్లెప్పుడు" గోల. మరి జీవితాలు ఇంత దూరంగా ఎందుకున్నాయి?

గుంటూరు_లెక్చరర్ (గుంటూరు)

మంచి ప్రశ్న బాబూ. చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను.

స్వలింగ ప్రేమ చైనాకి పడమటి నుంచి దిగుమతైన సరుకని అక్కడ కూడా కొందరు అంటారు, మన దగ్గర అన్నట్టే. కానీ హాన్ వంశపు ఐ చక్రవర్తి కథ రెండువేల ఏళ్లనాటిది. తన చేతిమీద నిద్రపోతున్న ప్రియుడు దోంగ్ షియెన్ నిద్ర చెడకుండా చక్రవర్తి తన చొక్కా చెయ్యి కోసుకుని లేచాడని చెప్తారు. ఆస్థానంలో ఇది నేరంగా ఎవరూ రాయలేదు. 1740లో చింగ్ పాలకులు మగవాళ్ల మధ్య సంబంధానికి శిక్ష పెట్టారు, కానీ అప్పటికీ సమాజం అడిగే పెద్ద ప్రశ్న ఒకటే: పెళ్లి చేసుకుని కొడుకుని కన్నావా లేదా?

ప్రాచీన చైనా తత్వవేత్త మెన్సియస్ చెప్పిన మాట ప్రతి చైనా ఇంట్లో తెలుసు: తల్లిదండ్రుల పట్ల అపచారాలు మూడు, వారసుడు లేకపోవడం అన్నిటికన్నా పెద్దది. మనకి పున్నామ నరకం ఉన్నట్టే. కాబట్టి మగవాడితో చాటుగా ఏం చేశావన్నది రెండో విషయం, వంశం ఆగిందా అన్నది మొదటిది. ఈ లెక్క హాంకాంగ్‌లోనూ తైవాన్‌లోనూ ఒకటే అని నా అభిప్రాయం. మిగతాదంతా పైపూత.

నల్లమల_నీడ (హైదరాబాద్)

మాస్టారూ, గౌరవంతోనే విభేదిస్తాను. ఇంట్లో ఏం జరుగుతుందో మీరు చెప్పారు. ఇంటి బయట పోలీసు ఉన్నాడు కదా.

హాంకాంగ్‌లో చట్టం బ్రిటిష్‌వాళ్లది. 1991 వరకూ ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలిసినా యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. 1980 జనవరిలో జాన్ మెక్లెనన్ అనే పోలీసు ఇన్‌స్పెక్టర్‌ని ఇదే కేసుల్లో అరెస్టు చేయాల్సిన రోజున తన ఫ్లాట్‌లో అయిదు తూటా గాయాలతో చనిపోయి కనిపించాడు. ఊరంతా అట్టుడికింది, విచారణ కమిషన్ వేశారు. 1983లో లా రిఫార్మ్ కమిషన్ ఆ నేరాన్ని తీసేయమంది. తీసేయడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. అప్పుడు కూడా గే పురుషులకి 21 ఏళ్ల పరిమితి పెట్టారు, అది కోర్టుకెళ్లి 2006లో అప్పీలు స్థాయిలో కూడా కొట్టేసేదాకా పోలేదు.

చైనాలో ఆ పేరుతో సెక్షనే లేదు. దాని బదులు 1979 నేరచట్టంలో "రౌడీయిజం" అనే ఒక సంచి సెక్షన్ పెట్టారు. ఎవరినైనా అందులో వేయొచ్చు, గేలని కూడా వేశారు. 1997లో అది పోయింది. 2001లో మానసిక రోగాల జాబితాలోంచి తీశారు. సింగపూర్‌లో మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసే సెక్షన్ 377ఏ 2023 జనవరి వరకూ పుస్తకంలో ఉంది. మలేషియాలో 377 ఇంకా ఉంది. మన 377తో ఇవన్నీ ఒకే తల్లి పిల్లలు, మనది 2018లో పోయింది.

ఒక చైనా కుర్రాడు ఏ రేవులో దిగితే ఆ రేవు చట్టం అతని ఒంటి మీదకి వచ్చింది. కౌలాలంపూర్‌లో పుట్టిన హొక్కియన్ (ఫూజియన్ మూలాలున్న చైనా) కుర్రాడికీ తైపేలో పుట్టిన హొక్కియన్ కుర్రాడికీ తాత ఊరు చైనాలోని ఫూజియన్‌లో ఒకటే కావచ్చు. ఒకడు నేరస్థుడు, ఇంకొకడు పెళ్లికొడుకు. దీన్ని పైపూత అనలేం మాస్టారూ.

సిన్చూ_చిప్ (తైవాన్)

తైవాన్ సంగతి చెప్పడానికి వచ్చాను. నేనిక్కడ సిన్చూలో సెమీకండక్టర్ కంపెనీలో పనిచేస్తాను. బయటివాళ్లు "తైవాన్ వాళ్లది ఓపెన్ మైండ్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట వింటే కోపం వస్తుంది, ఎందుకంటే దీనికోసం కొట్లాడినవాళ్లు మాయమైపోతారు అందులో.

1949 నుంచి 1987 దాకా ఇక్కడ మార్షల్ లా. తైపే నడిబొడ్డున ఉన్న పార్కులో (ఇప్పుడు 228 శాంతి పార్కు అంటారు) చీకటిపడ్డాక గేలు కలుసుకునేవాళ్లు, పోలీసులు వచ్చి పట్టుకుపోయేవాళ్లు. ఆ మార్షల్ లా ఉండగానే, 1986లో, చీ చియా-వెయ్ అనే ఆయన పత్రికలవాళ్లని పిలిచి నేను గేని అన్నాడు, పెళ్లికి గుర్తింపు అడిగాడు. జైల్లో నెలల తరబడి పెట్టారు. ఆయనే అర్జీ మీద అర్జీ పెడుతూ, చివరికి 2017 మే 24న రాజ్యాంగ కోర్టులో గెలిచాడు. 30 ఏళ్లు దాటింది.

మధ్యలో ఒక పిల్లవాడి చావు ఉంది. పింగ్‌తుంగ్ జిల్లాలో యే యుంగ్-చీ, హైస్కూలు పిల్లాడు. మెత్తగా మాట్లాడతాడని, నడక వేరుగా ఉందని తోటి పిల్లలు బాత్రూంలో ప్యాంటు లాగి "చూసేవాళ్లు". ఆ భయానికి వాడు బెల్ కొట్టకముందే టీచర్‌ని అడిగి ఒక్కడే బాత్రూంకి వెళ్లేవాడు. 2000 ఏప్రిల్‌లో అలా వెళ్లినవాడు రక్తపు మడుగులో దొరికాడు. వాడు గేనో కాదో ఎవరికీ తెలీదు, తెలుసుకునే వయసు కూడా రాలేదు. వాళ్లమ్మ ఊరుకోలేదు, కోర్టుల చుట్టూ తిరిగింది. 2004లో బడుల్లో లింగ సమానత్వ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద చదువుకున్న పిల్లలే పెద్దయ్యాక వీధుల్లోకి వచ్చారు. 2010లో ఆ తల్లి గావ్‌షియుంగ్ నగరంలో ప్రైడ్ ఊరేగింపులో నిలబడి పిల్లలతో, భయపడకండి, మీరు మీలాగే ఉండండి అని చెప్పింది. ఆ వీడియో మా ఆవిడకి చూపిస్తే సగంలో ఆపేసింది, చూడలేక.

అయినా 2018 నవంబర్ రెఫరెండంలో 70 శాతానికి పైగా ఓట్లు పెళ్లి ఆడా మగా మధ్యే ఉండాలనే వైపు పడ్డాయి. కోర్టు తీర్పు ఉంది కాబట్టి 2019 మేలో స్వలింగ పెళ్లికి విడిగా ఒక చట్టం చేశారు.

మా ల్యాబ్‌లో ఒకతను ఆ చట్టం వచ్చాక పెళ్లి చేసుకున్నాడు. విందుకి వెళ్లాను. అమ్మ తరఫు బంధువులు మూడు టేబుళ్లు వచ్చారు, నాన్న తరఫు ఒక్కరూ రాలేదు. నాన్నమ్మకి "రూమ్మేటు పుట్టినరోజు" అని చెప్పారట. లెక్చరర్ గారు చెప్పిన వంశం గోల నిజమే. కానీ ఇప్పుడు అతను ఆ గోలని ఎదుర్కొంటున్నది చేతిలో కాగితం పెట్టుకుని.

కొల్లేటి_కొంగ (హాంకాంగ్)

చిప్ గారూ, చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. మా వాడికి లేనిదే ఆ కాగితం.

ఇంకో విషయం చెప్పాలి, ఇల్లు. హాంకాంగ్‌లో ఎవడు ఎలాంటి గే అన్నది అతనుండే ఇంటి చదరపు అడుగులు నిర్ణయిస్తాయి అని నాకనిపిస్తుంది. సొంతంగా అద్దె కట్టగలిగినవాడు ఊరి నడిబొడ్డున సెంట్రల్‌లో బార్లకి వెళ్తాడు, జిమ్ శరీరం, మంచి ఇంగ్లిష్, విమానాల్లో బ్యాంకాక్ పార్టీలు. అమ్మానాన్నలతో ఉన్నవాడికి గేలు కలుసుకునే సౌనాలే (ఆవిరి స్నానశాలలే) గతి. పగలు వెళ్లి రాత్రి భోజనానికి ఇంటికొచ్చేస్తాడు. ప్రభుత్వ ఫ్లాటుకి ఒంటరివాడిగా దరఖాస్తు పెడితే పాయింట్ల లెక్కలో క్యూ కదలదు, కుటుంబంగా పెడితే ముందుకెళ్తుంది. 2024 నవంబర్‌లో విదేశాల్లో పెళ్లి చేసుకున్న స్వలింగ జంటలకి ఆ ఫ్లాట్ల విషయంలో, వారసత్వంలో సమాన హక్కులని ఇక్కడి కోర్టు తేల్చింది. ఆ కేసుల్లో ఒకటి వేసినతను ఆ తీర్పు రాకముందే 2020లో చనిపోయాడు, కేసుని అతని భర్త నడిపించాడు.

హాంకాంగ్ గాయకుడు, నటుడు లెస్లీ చెంగ్ మాట రాకుండా ఈ చర్చ పూర్తి కాదు. 1997లో కచేరీ వేదిక మీద, తల్లి ఎదురుగా కూర్చుని ఉండగా, ఆమెకీ తన సహచరుడు డాఫీ టాంగ్‌కీ కలిపి ఒక ప్రేమపాట అంకితమిచ్చాడు. గే అన్న మాట అనలేదు, అక్కర్లేకపోయింది. 2003 ఏప్రిల్ 1న చనిపోయినప్పుడు పేపర్లో వేసిన మరణ ప్రకటనలో భార్య పేరుండాల్సిన చోట డాఫీ టాంగ్ పేరు "ప్రియతముడు" అని వేశారు. మా వాడు ఆ కాగితం ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు. రెండు దశాబ్దాలు దాటినా అలాగే ఉంది, మడత దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. చట్టం ఇవ్వని చోటు ఒక కుటుంబం పేపర్ ప్రకటనలో ఇచ్చింది.

రేవతి_వి (విశాఖపట్నం)

అన్నలూ, అంతా చదివాను. అందరూ మగవాళ్ల బాధే రాస్తున్నారు. వారసుడు కావాలని పెళ్లి చేసుకుంటే ఆ ఇంట్లోకి వచ్చే అమ్మాయి సంగతేంటి?

చైనాలో అలాంటి భార్యల్ని తోంగ్‌చీ అంటారు. చింగ్‌దావ్‌లో ప్రొఫెసర్ జాంగ్ బెయ్‌చువాన్ ఎయిడ్స్ మీద పనిచేస్తూ ఈ ఆడవాళ్ల గురించి ఏళ్లతరబడి మాట్లాడాడు. వాళ్లు ఆన్‌లైన్ గ్రూపులు పెట్టుకున్నారు. పెళ్లయి పదేళ్లు తనలోనే ఏదో లోపం ఉందనుకుంటూ బతికిన ఆడది అసలు కారణం ఫోన్‌లో చూసి తెలుసుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. మా చుట్టాల్లో అలాంటి పెళ్లి ఒకటి చూశాను, చైనా దాకా పోనక్కర్లేదు. అతని మీద జాలి ఉంది నాకు. ఆమె మీద ఇంకా ఎక్కువ ఉంది. అతనికి కనీసం ఒక రహస్యం ఉంది, ఆమెకి అది కూడా లేదు.

చాంగ్షా_డాక్టర్ (కర్నూలు)

రేవతి గారూ, మీరన్నది అక్షరాలా నిజం. నేను చైనాలో ఎంబీబీఎస్ చేశాను, మనవాళ్లు చాలామంది అక్కడ చదివారు కదా. నాకు అక్కడ ఒక దగ్గరి మిత్రుడు, హెనాన్ పల్లెటూరు వాడు, ఒక్కగానొక్క కొడుకు. 1980 నుంచి 2015 దాకా ఒకే బిడ్డ విధానం. మీకు అన్నదమ్ములుంటే ఒకడు పెళ్లి మానేసినా ఇంకొకడు వంశం నిలబెడతాడు. ఇతనికి ఆ అవకాశం కూడా లేదు, అమ్మ నాన్న తాత నాన్నమ్మ అందరి ఆశా ఒక్కడి మీదే.

ప్రతి చైనా కొత్త సంవత్సరానికి ఇంటికెళ్లే ముందు వాడికి టెన్షన్ మొదలయ్యేది. ఒక ఏడాది తోడుగా ఒక అమ్మాయిని డబ్బిచ్చి "లవర్"గా తీసుకెళ్లాడు, అక్కడ అది మామూలే. హాస్టల్లో ఇద్దరూ కూర్చుని కథ బట్టీపట్టారు: ఎక్కడ పరిచయం, ఆమెకి కారం ఇష్టమా, ఎవరు ముందు మెసేజ్ పెట్టారు. వాళ్లమ్మ ఆ అమ్మాయి చేతికి ఎర్ర కవరులో డబ్బు పెట్టి, తన వెండి కడియం తీసి తొడిగిందట. తిరిగొచ్చే రైల్లో ఆ అమ్మాయి కడియం తీసి ఇస్తే వాడు తీసుకోలేక, తిరిగి అమ్మకివ్వలేక, నా బీరువాలో పెట్టమన్నాడు.

తర్వాత లెస్బియన్ అమ్మాయితో ఒప్పంద పెళ్లి చేసుకున్నాడు. షింగ్‌హున్ అంటారు, దానికోసం ప్రత్యేకంగా వెబ్‌సైట్లు, యాప్‌లు ఉండేవి. రేవతి గారి అభ్యంతరం దీనికి వర్తించదు, ఇద్దరికీ నిజం తెలుసు. కానీ దీని లోపల కూడా లెక్కలు సమానంగా ఉండవు. కొత్త సంవత్సరం రాత్రి ఎవరి అమ్మానాన్నల దగ్గర? పెళ్లికి వచ్చిన కట్నకానుకలు ఎవరివి? రెండేళ్లకి మనవడు కావాలంటే ఎవరు కనాలి? కడుపు మోసేది ఎప్పుడూ ఆ అమ్మాయే. వీళ్లిద్దరూ పిల్లల దగ్గరే తెగతెంపులు చేసుకున్నారు.

గుంటూరు_లెక్చరర్ (గుంటూరు)

డాక్టర్ బాబూ, ఆ కడియం సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ తల్లికి చెప్పేవాళ్లు ఎవరూ లేరా అక్కడ?

చాంగ్షా_డాక్టర్ (కర్నూలు)

ఉన్నారు మాస్టారూ. గ్వాంగ్‌జౌలో వూ యోజియెన్ అనే ఆవిడ తన గే కొడుకు పక్షాన టీవీలో బహిరంగంగా మాట్లాడిన మొదటి చైనా తల్లి. 2008లో తల్లిదండ్రుల సంస్థ పెట్టడంలో ఆమే ముందు. మిగతా తల్లులు ఫోన్ చేసి ఏడ్చేవాళ్లు, ఆమె వినేది.

ఆ తర్వాత తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. 2020లో షాంఘై ప్రైడ్ ఆగిపోయింది. 2021లో యూనివర్సిటీ ఎల్‌జీబీటీ విద్యార్థుల గ్రూపుల వీచాట్ (అక్కడి వాట్సాప్ లాంటిది) ఖాతాలు ఒకే రాత్రి పోయాయి. అదే ఏడాది టీవీలో "ఆడంగి" మగవాళ్లు కనిపించకూడదన్నారు. 2023 మేలో బీజింగ్ ఎల్‌జీబీటీ సెంటర్ మూతపడింది. ఏ చట్టం కిందా ఎవరినీ నేరస్థుడనలేదు. మాట్లాడుకునే చోట్లు తీసేశారంతే. 2018లో వీబో (అక్కడి ట్విట్టర్ లాంటిది) గే విషయాల్ని తీసేస్తానంటే లక్షలమంది "నేను గేని" అని పోస్టులు పెట్టి మూడు రోజుల్లో వెనక్కి తీయించారు, ఇప్పుడు అది ఊహించలేం.

ఇదే దేశంలో బ్లూడ్ అనే గే యాప్ పెట్టినవాడు మాజీ పోలీసు. 2020లో ఆ కంపెనీ అమెరికా స్టాక్ మార్కెట్‌కి కూడా వెళ్లింది. వ్యాపారంగా ఉంటే ఉండనిచ్చారు, హక్కు అడిగితే కాదన్నారు. 2025 నవంబర్‌లో ఆ యాప్ కూడా చైనా యాప్ స్టోర్‌లోంచి పోయింది.

ఓపెన్_మైండ్_99 (బెంగళూరు)

చట్టం, ఇల్లు సరే. కానీ ఎవరికి ఎవరు నచ్చుతారన్నది మాత్రం పూర్తిగా వ్యక్తిగతం కదా? దాన్ని కూడా సమాజం అని రాజకీయం చేస్తే ఎలా. ఎవరి ఇష్టం వాళ్లది.

సిడ్నీ_సాగర్ (సిడ్నీ)

తమ్ముడూ, నేను గేని, తెలుగువాణ్ని, సిడ్నీలో ఉంటాను. ఈ మాట నాకు డేటింగ్ యాప్‌లో లెక్కలేనన్నిసార్లు ఎదురైంది, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ఇక్కడ ప్రొఫైళ్లలో "నో రైస్, నో స్పైస్" అని రాసుకునేవాళ్లు. రైస్ అంటే చైనా, వియత్నాం, కొరియా వాళ్లు. స్పైస్ అంటే మనం. అడిగితే "నా ప్రిఫరెన్స్" అంటారు. నాతో ఫ్లాట్ పంచుకున్న చెంగ్‌దూ అబ్బాయి సొంత ఊళ్లో బాగా డిమాండున్నవాడు. ఎత్తు, తెలుపు, సన్నని మొహం. సిడ్నీకి దిగగానే అదే మనిషికి మెసేజీలు రావడం మానేశాయి. వచ్చినవి కూడా "నువ్వు లొంగి ఉంటావు కదా" అన్న తరహావి. మనిషి మారలేదు, విమానం దిగాడంతే.

దీనికి చరిత్ర ఉంది. అమెరికాలో 1875లో చైనా స్త్రీల రాకని అడ్డుకునే చట్టం, 1882లో చైనా కూలీల రాకనే ఆపేసే చట్టం వచ్చాయి, రెండోది 1943 దాకా నడిచింది. గనుల్లోంచీ రైల్వే పనుల్లోంచీ తరిమేస్తే వాళ్లు బట్టలుతికే కొట్లు, వంటపనుల్లోకి వెళ్లారు. పెళ్లాం లేదు, చేసేది "ఆడపని". చైనా మగవాడు మగవాడే కాదన్న బొమ్మ అక్కడ గట్టిపడింది. ఆ బొమ్మనే వందేళ్ల తర్వాత తెల్ల గే తన పడకగదిలో కోరుకుంటాడు, లేదా తిరస్కరిస్తాడు. ట్రినిడాడ్‌లో పుట్టిన చైనా సంతతి కెనడియన్ రిచర్డ్ ఫంగ్ 1980లో టొరంటోలో ఆసియా గేల సంఘం మొదలుపెట్టాడు. గే పోర్నోలో ఆసియా మగవాణ్ని ఎప్పుడూ లొంగేవాడిగానే చూపిస్తారని విడమరిచి రాశాడు కూడా.

ఇప్పుడు అసలు చేదు నిజం. ఆ చెంగ్‌దూ అబ్బాయి నాతో ఎంతో ప్రేమగా ఉండేవాడు, స్నేహితుడిగా. కానీ వాడి యాప్‌లో నల్లగా ఉన్న ఫిలిపినో, ఇండియన్ మెసేజ్ పెడితే చూసేవాడు కాదు. వాడికి కావలసింది తెల్లవాడు, లేదా తనలాగే తెల్లగా ఉన్న కొరియన్. తనని కింద పెట్టిన నిచ్చెన మీదే ఇంకొకణ్ని కిందికి నెట్టాడు. నేనూ అదే నిచ్చెన చూస్తూ పెరిగినవాణ్నే, పెళ్లి ప్రకటనల్లో "ఫెయిర్" అని చదువుతూ. కాబట్టి ఇష్టం నాదే, కానీ నాకు నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఓపెన్_మైండ్_99 (బెంగళూరు)

సాగర్ అన్నా, అయితే ఏం చేయమంటారు? నచ్చనివాళ్లతో తిరగమంటారా?

సిడ్నీ_సాగర్ (సిడ్నీ)

ఎవరూ ఎవరినీ బలవంతపెట్టరు. మొత్తం ఒక జాతి మొహాన తలుపేసి దాన్ని అభిరుచి అనొద్దంటున్నాను. ఎదుటివాడు "హాయ్" అంటే ఒక మనిషిగా జవాబివ్వు, తర్వాత కాదంటే కాదు.

చాంగ్షా_డాక్టర్ (కర్నూలు)

సాగర్ అన్న చెప్పిన నిచ్చెన చైనా లోపల కూడా ఉంది, అక్కడ రంగు స్థానంలో హుకౌ, అంటే పుట్టిన ఊరి రిజిస్ట్రేషన్. పల్లెటూరి హుకౌ ఉన్నవాడు షాంఘైలో ఎన్నేళ్లు పనిచేసినా ఊరివాడు కావడం చాలా కష్టం, పిల్లల బడి, వైద్య బీమా అన్నిటికీ అదే అడ్డం. ఫ్యాక్టరీలో, హోటల్లో పనిచేసి విసిగిన కుర్రాళ్లు కొందరు డబ్బుకి మగవాళ్ల దగ్గరికి వెళ్తారు. "మనీ బాయ్" అంటారు. చదువుకున్న పట్నం గేలు వీళ్లని చూసి "వీళ్లవల్లే మన పరువు పోతోంది, నాణ్యత లేని మనుషులు" అంటారు. సర్కారు పల్లెటూళ్లవాళ్లని అనే మాట అదే. పోలీసు పట్టుకుంటే వ్యభిచారం కింద, తోడుగా నిలబడేవాడు ఉండడు.

ఒకసారి క్లినికల్ పోస్టింగ్‌లో అలాంటి కుర్రాడు జ్వరంతో వచ్చాడు. ఊరికి నెలనెలా డబ్బు పంపిస్తాడు, చెల్లెలి చదువు వాడిదే. ఇంట్లో "సెక్యూరిటీ గార్డు" అని చెప్పాడు. నాతో ఇంగ్లిష్ నేర్చుకోవాలని చూశాడు, విదేశీ కస్టమర్లు ఎక్కువిస్తారని. గే అని దాచడం కన్నా పని ఏంటని దాచడమే కష్టమన్నాడు. మనం ఇక్కడ "చైనా గే పురుషులు" అంటున్నప్పుడు ఈ కుర్రాడు కూడా లెక్కలో ఉండాలి.

ముసలివాళ్లు కూడా. షాంఘైలో లాయ్‌లాయ్ డాన్స్ హాల్ అని ఒకటుండేది, పెళ్లయి మనవలున్న మగవాళ్లు వారాంతంలో అక్కడ ఒకరినొకరు పట్టుకుని బాల్‌రూమ్ డాన్స్ చేసేవాళ్లు. తర్వాత ఇంటికెళ్లిపోయేవాళ్లు. వాళ్లకి గే అన్న పేరు అక్కర్లేదు, జెండా అక్కర్లేదు, ఆ కాసేపూ కావాలి.

సింగపూర్_అమ్మ (సింగపూర్)

మా అబ్బాయి గే. ఇక్కడే పుట్టి పెరిగాడు. వాడి పార్ట్‌నర్ చైనా మూలాలున్న తియోచ్యూ కుటుంబం అబ్బాయి, నాకు రెండో కొడుకు లాంటివాడు. కాబట్టి సింగపూర్ గురించి రెండు మాటలు.

377ఏ పోయిన రోజునే రాజ్యాంగం కూడా మార్చారు, పెళ్లి అంటే ఆడామగా అన్న నిర్వచనాన్ని కోర్టులో సవాలు చేయకుండా. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తాళం వేశారు. ఇక్కడ కొత్త జంటకి ప్రభుత్వ ఫ్లాటు 21కే దొరుకుతుంది, పెళ్లికాని వాడికి 35 నిండాలి. మా వాళ్లిద్దరూ 35 కోసం చూస్తున్నారు. ఆ అబ్బాయి తల్లి నాతో హాకర్ సెంటర్‌లో టీ తాగుతూ, "మీరు ఎలా ఒప్పుకున్నారు" అని అడిగింది. నేను ఒప్పుకోలేదమ్మా, వాడు అన్నం తినడం మానేస్తే భయపడ్డాను అన్నాను. ఆమె కూడా అంతే అంది. 2009 నుంచి హాంగ్ లిమ్ పార్కులో ఏటా పింక్ డాట్ అని గులాబీ బట్టలేసుకుని కలుస్తారు. ఈమధ్య మేమిద్దరం కలిసి వెళ్తున్నాం.

రేవతి_వి (విశాఖపట్నం)

ఆంటీ, మీరు ఇంకా రాయాలి. తల్లులు చెప్తే వినేవాళ్లు ఎక్కువ.

పేరు_వద్దు (మెల్‌బోర్న్)

మొదటిసారి రాస్తున్నాను. నాది రాజమండ్రి. నా పార్ట్‌నర్ చైనా అబ్బాయి, వూహాన్ దగ్గర ఊరు. కలిసే ఉంటున్నాం. వాళ్ల నాన్నకి ఒంట్లో బాలేదు, వచ్చి పెళ్లి చేసుకో అంటున్నారు. మా ఇంట్లో కూడా పప్పన్నం ఎప్పుడని. ఇక్కడ పెళ్లి చేసుకుందామని నేనంటాను, 2017 డిసెంబర్ నుంచి చట్టం ఉంది కదా. వాడు "ఆ కాగితం మా ఊళ్లో చెల్లదు, మీ ఊళ్లో చెల్లదు, ఎందుకు" అంటాడు. ఇద్దరం పిచ్చిగా పోట్లాడుకుంటున్నాం. ఏం చేయాలి?

సిడ్నీ_సాగర్ (సిడ్నీ)

తమ్ముడూ, ముందు ఒక మాట. నీ తొందర వాడి మీద పెట్టకు. నువ్వు పెళ్లి అంటే ధైర్యం అనుకుంటున్నావు, వాడికి అది నాన్న మంచం పక్కన అబద్ధం చెప్పడం లాగా ఉండొచ్చు. వాడు ఇంట్లో చెప్పకపోతే నిన్ను ప్రేమించనట్టు కాదు.

నల్లమల_నీడ (హైదరాబాద్)

చెల్లదు అన్నది ఇండియా వరకూ నిజమే. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు పెళ్లి హక్కు ఇవ్వలేదు. ఆ కేసు వేసిన మొదటి జంట మా హైదరాబాద్‌లో ఉన్నవాళ్లే, అందుకే ఆ రోజు ఇక్కడ చాలామందిమి కుంగిపోయాం. కానీ మీరుండేది మెల్‌బోర్న్. వీసా, ఇల్లు, సూపరాన్యుయేషన్ (అక్కడి రిటైర్మెంట్ నిధి), ఆసుపత్రి అన్నీ అక్కడివే. అక్కడ చెల్లితే మీ రోజువారీ జీవితానికి చెల్లినట్టే.

చాంగ్షా_డాక్టర్ (కర్నూలు)

పెళ్లి మాట కొన్నాళ్లు పక్కన పెట్టి ఇవి చేయండి. చైనాలో 2017 అక్టోబర్ నుంచి ఒక వెసులుబాటు ఉంది: ఎవరైనా పెద్దవాళ్లు తమకి స్పృహ లేనప్పుడు నిర్ణయం ఎవరు తీసుకోవాలో ముందే రాతపూర్వకంగా ఎంచుకోవచ్చు. రక్తసంబంధం అక్కర్లేదు. షాంఘైలో కొన్ని గే జంటలు నోటరీ ఆఫీసులో ఇలా ఒకరికొకరు సంరక్షకులుగా రాసుకున్నారు. పెళ్లి కాదది, కానీ ఐసీయూ ముందు నిలబడ్డప్పుడు పనికొస్తుంది. మీవాడు సెలవులకి వెళ్లినప్పుడు అక్కడి లాయర్‌ని అడిగి, విదేశీయుణ్ని పెట్టుకోవచ్చేమో కనుక్కోమనండి.

మీరుండే విక్టోరియా రాష్ట్రంలో అయితే మెడికల్ ట్రీట్‌మెంట్ డెసిషన్ మేకర్‌గా (మనకి చేతకానప్పుడు వైద్యం గురించి నిర్ణయించేవాళ్లుగా) ఒకరినొకరు పెట్టుకునే ఫారం ఉంటుంది, ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు డాక్టరో, అఫిడవిట్ మీద సంతకం పెట్టే అధికారం ఉన్నవారో అయి ఉండాలి. దాంతోపాటు విల్లు రాసుకోండి. ఈ రెండిటికీ ఎవరి ఊళ్లోనూ ఎవరికీ చెప్పక్కర్లేదు. మీవాడు పెళ్లికి భయపడతాడేమో గానీ వీటికి ఒప్పుకుంటాడని నా నమ్మకం.

పేరు_వద్దు (మెల్‌బోర్న్)

డాక్టర్ గారూ, రాత్రి ఇది వాడికి ఇంగ్లిష్‌లో చదివి వినిపించాను. విల్లు అంటే ముందు నవ్వాడు, తర్వాత సంరక్షకుడి సంగతి చైనా వెబ్‌సైట్లలో తనే వెతికి నాకు చూపించాడు. శనివారం ఫారం నింపుతున్నాం. సాక్షులుగా మా పక్కింటి డాక్టర్ ఆంటీనీ, ఇంకో ఫ్రెండ్‌నీ అడిగాం, ఇద్దరూ సరే అన్నారు. వాళ్ల నాన్నని చూడ్డానికి వాడు వచ్చే నెల వెళ్తాడు. నేను వెళ్లాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.